సముద్రం దాటి వచ్చే లిథియం బ్యాటరీ: కొనేముందు, దిగాక

(పాలకొల్లులో ఆక్వా రైతులు, ఎలక్ట్రీషియన్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం అండి. ముందు ఒక లెక్క చూద్దాం. ఆ తర్వాత విదేశీ బ్యాటరీ సంగతికి వెళ్దాం. ఇక్కడికి వచ్చినవారిలో చాలామంది చెరువుల మీద ఏరేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, ఆగకుండా తిప్పుకోవడానికే లిథియం బ్యాటరీ తెప్పించుకుందామని ఆలోచిస్తున్నారు కాబట్టి ఈ లెక్క ముందే తేలిపోవాలి.

రెండు హెచ్‌పీ ఏరేటర్ మోటారు ఒకటిన్నర కిలోవాట్ పైనే లాగుతుంది. చెరువులో నాలుగు ఏరేటర్లు ఉంటే ఆరేడు కిలోవాట్లు. అంటే గంటకి ఆరేడు యూనిట్లు. మీరు ఫోన్లో చూపిస్తున్న బ్యాటరీ మీద ఏం రాసి ఉంది? 51.2 వోల్టులు, 100 ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్లు. రెండూ గుణించండి. 5,120 వాట్ అవర్లు. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్ కాబట్టి అయిదు యూనిట్ల పైచిలుకు. నిండా ఛార్జి ఎక్కించినా ఆ నాలుగు ఏరేటర్లూ ముప్పావు గంట తిరిగితే ఎక్కువ. పైగా మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుగా లాగే కరెంటుకి అయిదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకి బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూటు, అదే బీఎంఎస్, లైన్ కట్ చేసి కూర్చుంటుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలే వేళకి మీ బ్యాటరీ ఆగిపోయి ఉంటుంది. చెరువుకి జనరేటరే దిక్కు. దాన్ని తీసేసి బ్యాటరీ పెడదామన్న ఆలోచన మానుకోండి. పంట మొత్తం పోతుంది.

మరి బ్యాటరీ ఎందుకు? ఇంటికి. క్లినిక్కుకి. షాపుకి. చెరువు గట్టు మీద లైట్లకి, కెమెరాలకి. హేచరీలో, అంటే రొయ్య పిల్లల్ని పెంచే చోట, జనరేటర్ అందుకునేదాకా చిన్న బ్లోయర్ని నిలబెట్టడానికి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేక ఎలా గడిపారో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఫోన్ల ఛార్జింగ్ కలిపి 200 వాట్లు అనుకుందాం. అదే అయిదు యూనిట్ల బ్యాటరీ వాటిని ఇరవై గంటల పైన నడుపుతుంది. పగలు సోలార్ ప్యానెల్ ఉంటే మళ్లీ నిండుతుంది. ఇంట్లో ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్నవారికి ఇది చాలా పెద్ద ఊరట. అందుకే నేను లిథియం వద్దనను. కావాలి, రావాలి. ఎవరి దగ్గర, ఎలా కొంటున్నారన్నదే నా బాధ.

ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, చైనాలోని షెన్‌జెన్ నుంచో ఇంకో ఊరి నుంచో ఒక అమ్మకందారు వాట్సాప్‌లో ఫొటోలు పంపుతాడు. గోడకి తగిలించే తెల్లటి పెట్టె, ముందు చిన్న స్క్రీన్, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ధర ఇక్కడి షాపు ధరలో సగం అంటాడు. 6,000 సైకిల్స్, అంటే అన్నిసార్లు నింపి ఖాళీ చేయొచ్చని, పదేళ్ల వారంటీ అని అంటాడు. రోజుకో సైకిల్ చొప్పున పదహారేళ్లు వస్తుందని మనం లెక్క వేసుకుని సంబరపడతాం. ఆ సగం ధర మోసమే అని నేను అనను. నిజంగానే అక్కడ ఫ్యాక్టరీ ధర తక్కువ. ప్యాకు లోపల వరసగా పేర్చే చిన్న బ్యాటరీలని సెల్స్ అంటారు. ప్రపంచంలో లిథియం సెల్స్ ఎక్కువ భాగం తయారయ్యేది చైనాలోనే. మన దేశంలో అమ్మే ప్యాకుల్లో చాలావాటిలో ఉండేవీ ఆ సెల్సే. కానీ ఇక్కడి షాపు ధరలో ఇంకా కొందరి పని కలిసి ఉంటుంది. కస్టమ్స్ దగ్గర నిలబడి సరుకు విడిపించేవాడు, వచ్చిన ప్యాకుని పరీక్షించేవాడు, మీ ఇన్వర్టర్‌కి సెట్ చేసేవాడు, చెడిపోతే మీ గుమ్మం దగ్గరికి వచ్చేవాడు. నేరుగా కొన్నప్పుడు ఆ పనులన్నీ మీ నెత్తిన పడతాయి. అవి చేసుకోగలిగితే కొనండి. చేసుకోలేకపోతే ఆ ధర మీది కాదు.

డబ్బు లెక్క ముందు ముగిద్దాం. అమ్మకందారు చెప్పే ధర సాధారణంగా వాళ్ల రేవులో ఓడ ఎక్కించేవరకే. దాని మీద ఓడ కిరాయి పడుతుంది. లిథియం బ్యాటరీ ప్రమాదకర సరుకుల్లో తొమ్మిదో తరగతి కిందికి వస్తుంది కాబట్టి కిరాయి మామూలు సరుకు కంటే ఎక్కువ, తీసుకునే ఓడలు తక్కువ. తర్వాత బీమా. ఆ మొత్తం మీద కస్టమ్స్ సుంకం, సుంకం మీద సర్‌ఛార్జి, ఇవన్నీ కలిపిన మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద వేసే జీఎస్టీ. జీఎస్టీ నంబరున్న వ్యాపారికి ఆ 18 శాతం క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. చెరువు రైతుకి, ఇల్లు గడుపుకునేవాడికి రాదు. ఆపైన కస్టమ్స్ ఏజెంటు ఫీజు, విశాఖలోనో చెన్నైలోనో కంటైనర్ యార్డు అద్దె, కాగితాలు ఆలస్యమైతే రోజురోజుకీ పెరిగే డెమరేజి, అక్కడి నుంచి మీ ఊరికి లారీ బాడుగ. ఒక్క ప్యాకు కోసం ఇదంతా పెట్టుకుంటే ఆ సగం ధర ఎక్కడిదాకా వచ్చి నిలబడుతుందో ఎవరికి వారు కాగితం మీద వేసుకోండి. నేను చూసినంతలో, ఒక ఇంటికి ఒక బ్యాటరీ నేరుగా తెప్పించుకోవడంలో లాభం లేదు.

"అన్నీ మేమే చూసుకుంటాం, సుంకంతో సహా మీ ఇంటికి చేరుస్తాం" అని కొందరు చెబుతారు. అక్కడ నేను ఒకే ప్రశ్న అడగమంటాను. కస్టమ్స్ కాగితాల్లో దిగుమతిదారుగా ఎవరి పేరు ఉంటుంది? సరుకు ఏమని రాస్తారు? లిథియం బ్యాటరీని పవర్ సప్లై అనో, మెషీన్ భాగం అనో రాసి పంపేవారున్నారు. విలువ పదో వంతు చూపించేవారున్నారు. దారిలో పట్టుబడితే సరుకు పోతుంది. దారిలో దెబ్బతింటే బీమా వాళ్లు కాగితంలో రాసిన విలువే చూస్తారు. పేరు మీదైతే నోటీసు మీకే వస్తుంది.

అసలు సరుకు పేరు మార్చి పంపడం ఎంత ప్రమాదమో ఒక్క సంగతి చెబుతాను. 2010 సెప్టెంబరు 3న దుబాయ్‌లో ఒక సరుకు రవాణా విమానం కూలిపోయింది. అందులో లిథియం బ్యాటరీల లోడు ఉంది. గాల్లో ఉండగా సరుకు అరలో నిప్పు పుట్టి, కాక్‌పిట్ నిండా పొగ కమ్మి, ఇద్దరు పైలట్లూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇలాంటి అనుభవాల తర్వాతే నిబంధనలు బిగిశాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి, విడిగా ఉన్న లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం నిషేధం. సరుకు విమానాల్లో పంపాలన్నా 30 శాతానికి మించి ఛార్జి ఉండకూడదు. పెట్టె మీద లిథియం అయాన్ బ్యాటరీ అని తెలిపే యూఎన్ 3480 అన్న నంబరు, ప్రమాద చిహ్నం ఉండాలి. పోస్టులో అయితే విడి బ్యాటరీ అసలు పంపకూడదు. కాబట్టి "పోస్టులో పంపేస్తాం, వారంలో వచ్చేస్తుంది" అన్నవాడు ఏదో దాస్తున్నాడని అర్థం. ఆ పెట్టె పక్కన మనుషులు ప్రయాణిస్తారండి. కాస్త చవగ్గా వస్తుందని అందులో మనం భాగస్వాములం కాకూడదు.

అమ్మకందారుని అడగాల్సిన మొదటి కాగితం యూఎన్ 38.3 పరీక్ష సారాంశం. రవాణాలో భద్రత కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన పరీక్ష అది. ఎత్తులో తక్కువ గాలి పీడనం, వేడి చల్లదనాల మార్పు, కుదుపు, షాక్, షార్ట్ సర్క్యూట్, ఓవర్‌ఛార్జి లాంటివి తట్టుకుందో లేదో చూసే ఎనిమిది పరీక్షలు అవి. 2020 నుంచి ఈ సారాంశం అడిగితే ఇవ్వాల్సిందే. చూడాల్సింది ఏమిటంటే, దాని మీదున్న మోడల్ నంబరూ మీకు అమ్ముతున్న ప్యాకు మోడల్ నంబరూ ఒకటేనా అని. సెల్‌కి చేసిన పరీక్ష కాగితం చూపించి ప్యాకుకి చేసినట్టు మాట్లాడతారు. సెల్ పాసయితే ప్యాకు పాసయినట్టు కాదు. ఇక మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉంది. చేత్తో తీసుకెళ్లే పరికరాల లిథియం సెల్స్‌కి, బ్యాటరీలకి ఐఎస్ 16046 ప్రకారం అది తప్పనిసరి. పవర్ బ్యాంకులు, పోర్టబుల్ పవర్ స్టేషన్లు తెప్పించుకుందామనుకునేవారు ఇది గుర్తుపెట్టుకోండి. తెచ్చి అమ్ముదామనుకునే షాపుల వారికి ఇంకో బాధ్యత ఉంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం దిగుమతిదారు కూడా ఉత్పత్తిదారు కిందికే వస్తాడు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి, పాతబడిన బ్యాటరీల సంగతి చూడాలి.

ఇప్పుడు పెట్టె లోపలికి వెళ్దాం.

లిథియం అంటే ఒకటే రకం కాదు. ఇంటికి వాడుకునేది ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, నిండితే 3.65, రెండున్నర కిందికి దిగనివ్వకూడదు. పదహారు సెల్స్ వరసగా కలిపితే 51.2 వోల్టులు. స్కూటర్లలో ఎక్కువగా ఉండే నికెల్ రకం వేరు. దాని సెల్ 3.6 వోల్టుల పైన, నిండితే 4.2. తక్కువ బరువులో ఎక్కువ కరెంటు దాస్తుంది, కానీ వేడెక్కితే ఎల్ఎఫ్‌పీ కంటే ముందే అదుపు తప్పుతుంది. ఇంటి బ్యాటరీకి ఎల్ఎఫ్‌పీ తప్ప ఇంకోటి తీసుకోకండి. "48 వోల్టులు" అని రాసినా పదిహేను సెల్సా, పదహారు సెల్సా అని అడగండి. పదిహేను సెల్స్ ప్యాకుని పదహారు సెల్స్ సెట్టింగులో ఛార్జి చేస్తే ప్రతి సెల్‌కీ ఎక్కాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజి ఎక్కుతుంది.

సెల్స్‌లో గ్రేడులుంటాయి. ఫ్యాక్టరీలో కొలతలన్నీ సరిగ్గా వచ్చినవి ఏ గ్రేడు, పెద్ద కంపెనీలకి వెళ్లిపోతాయి. కెపాసిటీ కాస్త తగ్గినవి, ఇంటర్నల్ రెసిస్టెన్స్, అంటే లోపల కరెంటుకి పడే అడ్డు, పెరిగినవి, గోదాముల్లో ఏళ్ల తరబడి ఉండిపోయినవి, పాత బస్సుల నుంచి విప్పినవి విడి మార్కెట్‌కి వస్తాయి. వాటినే కొత్త నీలం రంగు తొడుగు వేసి, కొత్త పెట్టెలో పెట్టి అమ్మేవారున్నారు. సెల్ పైన క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే తయారీ సంస్థ, తయారైన తేదీ లాంటివి ఇమిడి ఉన్న పొడుగాటి కోడ్ వస్తుంది. కానీ ఆ కోడ్‌ని కూడా లేజర్‌తో చెరిపి మళ్లీ చెక్కుతున్నారు. కాబట్టి కోడ్ ఒక్కటే చాలదు. ప్రతి సెల్ కోడ్ పక్కన దాని కెపాసిటీ, రెసిస్టెన్స్ రాసిన ఫ్యాక్టరీ టెస్టు రిపోర్టు అడగండి. ఆ కోడ్లూ మీ పెట్టెలోని కోడ్లూ కలవాలి.

సీలు వేసిన పెట్టెలో ఏముందో తెలుసుకోవడానికి అన్నిటికన్నా తేలికైన పరీక్ష బరువు. కొబ్బరికాయ కొట్టకుండానే చేతిలో తూచి నీళ్లున్నాయో లేదో చెప్పే వ్యాపారులు మన కోనసీమలో ఎంతమంది లేరు! అలాగే ఇక్కడా. 280 ఏహెచ్ ఎల్ఎఫ్‌పీ సెల్ ఒక్కోటి అయిదున్నర కేజీల దాకా ఉంటుంది. పదహారు పెడితే సెల్సే 86 కేజీలు. అయిదు యూనిట్ల ప్యాకు పెట్టె, బీఎంఎస్, అన్నీ కలిపి నలభై నుంచి యాభై కేజీల మధ్య ఉండాలి. ముప్పై కేజీలే ఉందంటే రాసిన కెపాసిటీ అందులో లేదు, లేదా అది ఎల్ఎఫ్‌పీ కాదు. డబ్బు కట్టకముందే బరువు అడగండి, కాటా మీద పెట్టి వీడియో తీయమనండి. దీనికి చదువు అక్కర్లేదు, మీటరు అక్కర్లేదు.

తర్వాత, మూత తీసిన ఫొటోలు అడగండి. స్క్రూలతో బిగించిన మూతేనా, లేక వెల్డు చేసేశారా? స్క్రూలుంటేనే కొనండి. ఈ మాట మీద నాకు పట్టుదల ఎక్కువ, ఎందుకో కాసేపట్లో చెబుతాను. లోపల సెల్‌కీ సెల్‌కీ మధ్య ఇన్సులేషన్ షీటు ఉందా? అల్యూమినియం డబ్బా మీద ఉండేది పల్చటి ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. ఓడలో, లారీలో, మన రోడ్ల మీద వారాల పాటు కుదుపులకి సెల్స్ ఒకదాన్నొకటి రాసుకుంటే ఆ తొడుగు అరిగిపోతుంది. రెండు డబ్బాలు తగిలితే షార్టే. ఉష్ణోగ్రత సెన్సర్లు సెల్స్‌కి అంటించారా, వైర్లతో పాటు వేలాడుతున్నాయా? వేలాడే సెన్సర్ సెల్ వేడిని కొలవదు, పెట్టెలో గాలి వేడిని కొలుస్తుంది. సెల్ కాలుతున్నా బీఎంఎస్‌కి తెలియదు. మెయిన్ లైన్లో డీసీ ఫ్యూజో, డీసీ బ్రేకరో ఉందా? ఎలక్ట్రీషియన్ తమ్ముళ్లు వినండి, ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ డీసీకి పనికిరాదు. డీసీలో ఆర్క్, అంటే లైన్ తెగేచోట లేచే నిప్పు, దానంతట అది ఆరదు. ఎంసీబీ ట్రిప్ అయినా లోపల మండుతూనే ఉంటుంది.

ఇప్పుడు స్క్రూల సంగతి. పదేళ్ల వారంటీ అన్నాడు కదా. మూడో ఏడు ఒక సెల్ ఉబ్బిందనుకోండి. వాడు "తిరిగి పంపండి, కొత్తది ఇస్తాం" అంటాడు. ఎలా పంపుతారు? పాడైన, లోపం ఉన్న, వేడెక్కే ప్రమాదమున్న లిథియం బ్యాటరీని విమానంలో పంపడం ఎక్కడా ఒప్పుకోరు. ఓడలో పంపాలంటే దానికి ప్రత్యేకమైన ప్యాకింగ్, ప్రమాదకర సరుకు కాగితాలు, ఇక్కడి నుంచి ఎగుమతి పత్రాలు కావాలి. ఆ ఖర్చు కొత్త బ్యాటరీని మించిపోతుంది. అంటే ఆ వారంటీ కాగితం మీద నిజమే అయినా మీరు దాన్ని ఎప్పటికీ వాడుకోలేరు. మన జిల్లాలోనే ఒక హేచరీ ఆయన ఇలాగే ఇరుక్కున్నారు. అమ్మినవాడు ఫోన్ ఎత్తుతున్నాడు, మర్యాదగానే మాట్లాడుతున్నాడు, పంపిస్తే మారుస్తానంటున్నాడు. పంపే దారి లేదు. మూత వెల్డు చేసి ఉంది కాబట్టి ఇక్కడ విప్పి చూసే దారీ లేదు.

అందుకని విదేశీ వారంటీని నేను ఇలా రాయించుకోమంటాను. బీఎంఎస్ పోతే కొత్త బీఎంఎస్ బోర్డు పంపాలి. అది ఉత్త సర్క్యూట్ బోర్డు, బ్యాటరీ కాదు, కొరియర్‌లో వచ్చేస్తుంది. సెల్ పోతే ఫొటోలు, రీడింగులు చూసి డబ్బు వాపసు ఇవ్వాలి, సెల్ తిరిగి అడగకూడదు. ఎక్కువ ప్యాకులు తెప్పిస్తుంటే మొదటి లోడులోనే ఒక స్పేర్ బీఎంఎస్, అదే బ్యాచ్‌వి రెండు స్పేర్ సెల్స్ పంపించమనండి. ఆ రోజు వాటి ఖర్చు లెక్కలోకి రాదు. తర్వాత అవే మీ ప్యాకుని బతికిస్తాయి.

ఇక బ్యాటరీ మీ ఇంటికి దిగింది. లారీ డ్రైవరు సంతకం అడుగుతాడు. సంతకం పెట్టేముందు పెట్టె మూలలు చూడండి, పెట్టె విప్పే వీడియో ఫోన్లో మొదటినుంచీ తీయండి. మూత తీసి అనుభవమున్నవాళ్లతో ప్రతి సెల్ వోల్టేజీ కొలిపించండి. బీఎంఎస్ యాప్ చూపించే అంకె మీద ఆధారపడొద్దు, మీటరుతో కొలవండి. దారిలో 30 శాతం ఛార్జితో వచ్చిన ఎల్ఎఫ్‌పీ సెల్స్ 3.2 చుట్టుపక్కల, అన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఏదైనా రెండున్నర కంటే కిందికి పోయి ఉంటే దాన్ని ఛార్జి చేసే ప్రయత్నం చేయకండి, వెంటనే అమ్మకందారుకి ఫిర్యాదు పెట్టండి.

వోల్టేజి బాగుంది కదా, బ్యాటరీ బాగున్నట్టే అనుకుంటారు. ఎల్ఎఫ్‌పీలో అది చెల్లదు. దాదాపు ఇరవై శాతం నుంచి తొంభై శాతం దాకా వోల్టేజి పెద్దగా కదలదు. సగం చచ్చిన సెల్ కూడా 3.3 చూపిస్తుంది. అసలు పరీక్ష ఒకటే. నిండా ఎక్కించి, ఖాళీ అయ్యేదాకా వాడి, ఎన్ని యూనిట్లు ఇచ్చిందో లెక్కపెట్టడం. ఇంట్లోనే చేయొచ్చు. ఇన్వర్టర్ అవుట్‌పుట్ దగ్గర చిన్న ఎనర్జీ మీటరు పెట్టి, 1,000 వాట్ల హీటరు తగిలించండి. ఇన్వర్టర్ సొంత ఖర్చు పది శాతం దాకా ఉంటుంది. 5.12 యూనిట్ల ప్యాకు నాలుగున్నర యూనిట్ల దాకా బయటికి ఇవ్వాలి. మూడున్నరకే ఆగిపోయిందంటే మీకు మోసం జరిగింది, లేదా ఒక సెల్ ముందుగా పడిపోయి మిగతా పదిహేనింటినీ ఆపేస్తోంది. ఆ సమయంలో దగ్గరే ఉండండి, సెల్స్, బోల్టులు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయేమో చూడండి. వదులు బోల్టు దగ్గర వేడి మొదట తెలుస్తుంది. ఈ పరీక్ష వచ్చిన వారంలోపే చేయాలి. కొనుగోలు వెబ్‌సైట్లలో ఫిర్యాదుకి గడువుంటుంది, అది దాటితే మీ వీడియో, మీ రీడింగులు ఎవరికీ పట్టవు.

(సభలోంచి ప్రశ్న: మా అబ్బాయి మస్కట్‌లో ఉన్నాడండి. వచ్చేటప్పుడు లగేజీలో ఒకటి పట్టుకు రమ్మంటే?)

రాజోలు, అమలాపురం వైపు ప్రతి వీధిలోనూ గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఉన్నారు, కాబట్టి ఇది బాగా అడిగారమ్మా. తీసుకురావడానికి వీల్లేదు. విమానంలో ప్రయాణికుడు 100 వాట్ అవర్ల దాకా బ్యాటరీ చేతి సంచిలో పెట్టుకోవచ్చు. 160 దాకా అయితే విమాన సంస్థ అనుమతి కావాలి. అది దాటితే లేదు. 12.8 వోల్టుల వంద ఏహెచ్ చిన్న ప్యాకు తీసుకున్నా 1,280 వాట్ అవర్లు. అబ్బాయిని ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పెట్టకండి.

(ప్రశ్న: మాకు ట్యూబులర్, అదే నీళ్లు పోసే పాత రకం బ్యాటరీల ఇన్వర్టర్ ఉంది. దానికే తగిలించేయొచ్చా?)

సెట్టింగు మార్చగలిగిన ఇన్వర్టరైతే తగిలించొచ్చు. ట్యూబులర్ ఛార్జింగ్‌లో ఈక్వలైజేషన్ అని ఒకటుంటుంది, అప్పుడప్పుడు వోల్టేజీని బాగా పైకి నెడుతుంది. లిథియంకి అది ఆపేయాలి. పదహారు సెల్స్ ప్యాకుకి 58.4 వోల్టులు పై హద్దు. నేనైతే 56 దగ్గర ఆపేస్తాను, కెపాసిటీ దాదాపు ఏమీ తగ్గదు, సెల్ ఎక్కువ కాలం ఉంటుంది. "బీఎంఎస్ ఉంది కదా, అదే ఆపుతుంది" అనకండి. బీఎంఎస్ ఆఖరి కాపలా. రోజూ దాని మీదికి నెట్టకూడదు. ఛార్జి అవుతుండగా అది హఠాత్తుగా కట్ చేస్తే కొన్ని ఇన్వర్టర్లు ఆ దెబ్బకి కాలిపోతాయి. సోలార్, లైన్ కరెంటు రెండూ తీసుకునే కొత్త హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితే బ్యాటరీతో కేబుల్ ద్వారా మాట్లాడుకుంటుంది. మీ ఇన్వర్టర్ మోడల్ పేరు చెప్పి, దానితో పనిచేస్తున్న వీడియో చూపించమని అమ్మకందారుని అడగండి. రెంటికీ భాష కలవక మూల పడేసిన ప్యాకులు నేను చూశాను. ఇంకో మాట, కేబుల్. అయిదు కిలోవాట్ల లోడుకి 48 వోల్టుల దగ్గర వంద ఆంపియర్ల పైన పారుతుంది. 35 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయండి.

(ప్రశ్న: మేం ఊళ్లో ఇరవై మందిమి కలిసి తెప్పించుకుంటే?)

ఇది మంచి దారి. నా సలహా కూడా ఇదే. ఇరవై మందయితే కంటైనర్‌లో కొంత జాగా తీసుకోవచ్చు, ఖర్చులు పంచుకోవచ్చు. మీలో ఎవరి పేరు మీదా కాకుండా దిగుమతి కోడ్, జీఎస్టీ ఉన్న వ్యాపారి ద్వారా తెప్పించండి. ఆయనకి కమీషన్ ఇవ్వండి, బిల్లు తీసుకోండి. బిల్లు చేతిలో ఉంటే రేపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి మన దేశంలో ఒక మనిషి దొరుకుతాడు. ముందు ఒకటో రెండో శాంపిల్ తెప్పించి, ఇందాక చెప్పిన పరీక్ష చేసి, ఒక వేసవి వాడి చూడండి. తర్వాతే మిగతావి. డబ్బు ఒకేసారి కట్టకండి, కొంత అడ్వాన్సు ఇచ్చి, సరుకు సిద్ధమయ్యాక ఓడ ఎక్కేముందు మిగతాది ఇవ్వడం వాడుకలో ఉంది. ఆ రెండో విడత కట్టేముందు అక్కడ తనిఖీ సంస్థని పంపి, ఏదో ఒక పెట్టె వాళ్లే ఎంచుకుని విప్పి చూసేలా ఒప్పందం రాయించండి. అమ్మకందారు చూపించిన పెట్టె చూసి వస్తే అది తనిఖీ కాదు.

ఇక ఇంట్లో ఎక్కడ పెట్టాలి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక కుటుంబం స్కూటర్ బ్యాటరీని పడకగదిలో ఛార్జింగ్ పెట్టి నిద్రపోయారు. తెల్లవారుజామున అది పేలి ఇంటి యజమాని చనిపోయారు. భార్యా పిల్లలకి కాలిన గాయాలయ్యాయి. ఏ రకం బ్యాటరీ అయినా సరే, పడకగదిలో వద్దు, మెట్ల కింద వద్దు, బయటికి పరుగెత్తే దారిలో అసలే వద్దు. గాలి ఆడే వరండా గోడ మంచిది. చెరువు గట్టు రేకుల షెడ్డులో కూడా వద్దు. ఎండాకాలం ఆ రేకు కింద 45 డిగ్రీలు దాటుతుంది. వాళ్లు చెప్పే ఆరు వేల సైకిల్స్ 25 డిగ్రీల గదిలో కొలిచినవి. వేడి పెరిగేకొద్దీ ఆయుష్షు తరుగుతుంది, ఆ వేడిలో ఛార్జి చేస్తే ఇంకా తరుగుతుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పు గాలికి బోల్టులు, బీఎంఎస్ పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. ఆరు నెలలకోసారి మెయిన్ ఆపి, విప్పి, తుడిచి, బోల్టులు సరైన బిగువుకి బిగించే మనిషిని పెట్టుకోండి.

(ప్రశ్న: మాది లంక గ్రామమండి. వరద నీళ్లు ఇంట్లోకి వస్తే?)

2022 జూలైలో గోదావరి మీ లంకల్ని ఎలా ముంచిందో తెలుసు కాబట్టి అడుగుతున్నారు. ఆ గుర్తు మీ గోడ మీద ఇంకా ఉంటే, దానికి రెండడుగుల పైన బిగించండి. ఇటుక గోడే కావాలి. యాభై కేజీలు రేకు గోడ మోయదు. వరద హెచ్చరిక వస్తే బ్రేకర్ ఆపి, ప్యానెల్ లైన్ కూడా ఆపి వెళ్లిపోండి. ఒకవేళ మునిగితే, నీళ్లు తీశాక ఆరబెట్టి మళ్లీ వేద్దామని మాత్రం అనుకోకండి. సముద్రపు పోటు నీళ్లయితే మరీ ప్రమాదం. 2022 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడాని ఇయాన్ తుపాను ముంచినప్పుడు, ఉప్పు నీళ్లలో నానిన ఎలక్ట్రిక్ కార్లు నీళ్లు తగ్గిన తర్వాత కూడా నిప్పంటుకున్నాయి. లోపల మిగిలిన ఉప్పు కరెంటుకి దారి అవుతుంది. అది రోజుల తర్వాత కూడా జరగొచ్చు. మునిగిన ప్యాకుకి ఏ వైరూ తగిలించకుండా, పిల్లలు, పశువులు తిరగని ఆరుబయట, గడ్డివాముకి దూరంగా పెట్టించండి. పొగ కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి, ఆ పొగ విషం. 101కి ఫోన్ చేసి లిథియం బ్యాటరీ అని ముందే చెప్పండి, ఎక్కువ నీళ్లు తెచ్చుకుంటారు. తర్వాత దాన్ని పాత ఇనుము వాడికి అమ్మేయకండి. ఎవరి బిల్లు మీద కొన్నారో ఆ దిగుమతిదారుకే అప్పజెప్పండి, తీసుకోవాల్సిన బాధ్యత ఆయనది.